రాడార్ చెప్పే ఉష్ణోగ్రతను ఎంతవరకు నమ్మవచ్చు? అసంబద్ధ పరిక్షేపణ పద్ధతి – విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• రాడార్ సంకేతం నుంచి ఉష్ణోగ్రతను ఎలా రాబడతారో వివరించగలుగుతారు.
• ఆ ప్రక్రియలో ఏది నేరుగా కొలిచినది, ఏది ఊహపై ఆధారపడినది అనే తేడాను గుర్తించగలుగుతారు.
• గాదంకి రాడార్ ధ్వని పద్ధతిని, అసంబద్ధ పరిక్షేపణ పద్ధతిని పోల్చి వాటి గుణదోషాలను అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

మే నెలలో నల్గొండలో ఉష్ణోగ్రత 44 డిగ్రీల సెల్సియస్‌కు చేరిందని వార్తల్లో వింటాం. భూమికి 300 కిలోమీటర్ల ఎత్తున ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత 1500 కెల్విన్ అని పాఠ్యపుస్తకంలో చదువుతాం. ఈ రెండు వాక్యాలు చూడడానికి ఒకేలా ఉంటాయి. రెండింటిలోనూ ఒక స్థలం, ఒక సంఖ్య, ఒక ప్రమాణం ఉన్నాయి. కాని ఈ రెండు సంఖ్యలు మన దగ్గరకు వచ్చిన దారులు పూర్తిగా వేరు. మొదటిదాన్ని నీడలో, గాలి తగిలేలా అమర్చిన థర్మామీటర్ చూపింది. రెండోచోట థర్మామీటర్ లేదు. ఒకవేళ అక్కడికి పంపినా అది 1500 కెల్విన్ చూపదు. అక్కడ కణాలు ఎంత వేగంగా కదులుతున్నా, వాటి సంఖ్య చాలా తక్కువ కాబట్టి థర్మామీటర్‌ను వేడిచేయడానికి చాలవు. ఆ ఎత్తున ఉష్ణోగ్రత అంటే కణాల అస్తవ్యస్త చలనపు సగటు గతిజశక్తి మాత్రమే.

మరి ఆ 1500 అనే సంఖ్య ఎక్కడిది? నేలమీది రాడార్ పంపిన రేడియో తరంగాలకు వచ్చిన అతి బలహీనమైన ప్రతిధ్వని నుంచి రాబట్టినది. ఈ పద్ధతి పేరు అసంబద్ధ పరిక్షేపణం. దీన్ని పరిచయం చేసేటప్పుడు "ఈ రాడార్ ఎలక్ట్రాన్ సాంద్రతను, ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రతను, అయాన్ ఉష్ణోగ్రతను కొలుస్తుంది" అని ఒక్క వాక్యంలో చెప్పడం పరిపాటి. ఆ వాక్యంలోని 'కొలుస్తుంది' అనే క్రియను మనం ఇక్కడ పరీక్షిస్తాం. విమర్శ అంటే తప్పులెన్నడం అని మాత్రమే అనుకోవద్దు. ఒక మాటకు ఎంత బరువుందో తూచి చెప్పడం కూడా విమర్శే.

2. పద్ధతి ఎలా పనిచేస్తుంది?

సూర్యుని అతినీలలోహిత కిరణాలు, ఎక్స్‌ కిరణాలు పై వాతావరణంలోని అణువులను, పరమాణువులను అయాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడదీస్తాయి. ఈ ప్రాంతాన్నే అయనోస్ఫియర్ అంటాం. రేడియో తరంగం అక్కడికి చేరినప్పుడు ఎలక్ట్రాన్లు ఆ తరంగంతోపాటు కంపించి, దానిలో అత్యల్ప భాగాన్ని అన్ని దిశలకూ వెదజల్లుతాయి. దీన్ని జె.జె. థామ్సన్ పేరుతో థామ్సన్ పరిక్షేపణం అంటారు.

ఈ ప్రతిధ్వని ఎంత బలహీనమైనదో ఒక చిన్న లెక్కతో చూద్దాం. రాడార్‌కు ఒక్క ఎలక్ట్రాన్ కనిపించే వైశాల్యం సుమారు 10⁻²⁸ చదరపు మీటర్లు. పగటిపూట అయనోస్ఫియర్‌లో ఘనపు మీటరుకు 10¹² ఎలక్ట్రాన్లు ఉన్నాయనుకుందాం. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి కిలోమీటర్లున్న ఘనంలో 10²⁴ ఎలక్ట్రాన్లు ఉంటాయి. వాటన్నిటి వైశాల్యం కలిపితే 10⁻⁴ చదరపు మీటర్లు, అంటే ఒక్క చదరపు సెంటీమీటరు. వందల కిలోమీటర్ల ఎత్తున చిటికెన వేలి గోరంత వస్తువును నేలమీద నుంచి పట్టుకోవడం లాంటిది ఈ పని. అందుకే ఈ రాడార్లకు మెగావాట్ల శక్తి, చాలా పెద్ద ఆంటెనాలు కావాలి.

తిరిగి వచ్చిన సంకేతం పంపిన పౌనఃపున్యం వద్దే ఉండదు. కదిలే కణాల వల్ల డాప్లర్ ప్రభావం ఏర్పడి, సంకేతం ఒక పట్టీగా విస్తరిస్తుంది. కణాలు ఎంత వేగంగా కదిలితే పట్టీ అంత వెడల్పు అవుతుంది. ఈ పట్టీ ఆకారాన్నే వర్ణపటం అంటున్నాం. దాని నుంచి నాలుగు విషయాలు తెలుస్తాయి.

• మొత్తం శక్తి నుంచి ఎలక్ట్రాన్ సాంద్రత.
• పట్టీ వెడల్పు నుంచి అయాన్ ఉష్ణోగ్రతకు, అయాన్ ద్రవ్యరాశికి మధ్య నిష్పత్తి.
• పట్టీలోని రెండు శిఖరాల ఎత్తుకు, మధ్యనున్న లోయకు గల తేడా నుంచి ఎలక్ట్రాన్, అయాన్ ఉష్ణోగ్రతల నిష్పత్తి.
• పట్టీ మొత్తంగా ఒక పక్కకు జరగడం నుంచి ప్లాస్మా కదిలే వేగం.

ఈ జాబితాను మరొకసారి చదవండి. 'ఉష్ణోగ్రత' అనే మాట రెండుసార్లు వచ్చింది, కాని రెండుసార్లూ నిష్పత్తిలో భాగంగానే వచ్చింది. విడిగా ఎక్కడా రాలేదు. మన విమర్శకు ఇదే మొదలు.

3. తప్పిన అంచనా, నిలిచిన పద్ధతి

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం ఇ. గోర్డన్ 1958లో ఈ ఆలోచనను ప్రతిపాదించాడు. ఎలక్ట్రాన్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కదులుతాయి కాబట్టి, వర్ణపటం వెడల్పు ఎలక్ట్రాన్ల వేగాన్ని బట్టి ఉంటుందని అతడు భావించాడు. పద్ధతికి ఆ పేరు రావడానికి కారణం ఇదే. అదే సంవత్సరం అక్టోబరులో కెన్నెత్ బౌల్స్ ఇల్లినాయ్ రాష్ట్రంలో 41 మెగాహెర్ట్జ్ రాడార్‌తో ఆ ప్రతిధ్వనిని మొదటిసారి పట్టుకున్నాడు. ప్రతిధ్వని ఉంది, కాని పట్టీ మాత్రం గోర్డన్ ఊహించిన దానికంటే ఎంతో సన్నగా ఉంది.

ఎంత సన్నగా? 1000 కెల్విన్ వద్ద ఎలక్ట్రాన్ల సగటు ఉష్ణ వేగం ఒక దిశలో సెకనుకు సుమారు 123 కిలోమీటర్లు. అదే ఉష్ణోగ్రత వద్ద ఆక్సిజన్ అయాన్ వేగం సుమారు 720 మీటర్లు మాత్రమే. 41 మెగాహెర్ట్జ్ వద్ద మొదటిది దాదాపు 34 కిలోహెర్ట్జ్ విస్తరణను, రెండోది దాదాపు 200 హెర్ట్జ్ విస్తరణను ఇస్తాయి. బౌల్స్ చూసినది అయాన్ల వేగానికి తగిన సన్నని పట్టీ.

కారణం ఏమిటంటే, ప్లాస్మాలో ఎలక్ట్రాన్లు ఎవరికి వారుగా ఉండవు. ప్రతి ధన అయాన్ చుట్టూ ఎలక్ట్రాన్ల పలుచని మేఘం ఉంటుంది. ఆ మేఘపు పరిమాణాన్ని డిబై దూరం అంటారు. అయనోస్ఫియర్‌లో ఇది కొన్ని మిల్లీమీటర్ల స్థాయిలో ఉంటుంది. రాడార్ తరంగదైర్ఘ్యమేమో మీటర్లలోనో, పదుల సెంటీమీటర్లలోనో ఉంటుంది. అంత పెద్ద తరంగానికి విడి ఎలక్ట్రాన్ కనబడదు, అయాన్ వెంట నడిచే మేఘమే కనబడుతుంది. కాబట్టి ప్రతిధ్వని ఎలక్ట్రాన్లదే అయినా, అది అయాన్ల నడకను చెబుతుంది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, గోర్డన్ అంచనా తప్పినా పద్ధతికి మేలే జరిగింది. శక్తి అంతా సన్నని పట్టీలో చేరడం వల్ల సంకేతాన్ని పట్టడం సులువైంది. ప్యూర్టోరికోలో 1963లో ప్రారంభమైన 305 మీటర్ల అరెసిబో ఆంటెనా గోర్డన్ ఆలోచన నుంచే పుట్టింది. అది 2020 డిసెంబరులో కూలిపోయేవరకు అయనోస్ఫియర్‌తోపాటు ఖగోళ పరిశోధనలకు కూడా ఉపయోగపడింది.

రెండోది పేరు గురించి. తెలుగు భౌతికశాస్త్ర పుస్తకాలలో 'సంబద్ధ' అంటే దశలు ఒకదానితో ఒకటి పొంతన కలిగినవి అని, 'అసంబద్ధ' అంటే ఆ పొంతన లేనివి అని అర్థం. వాడుకలో మాత్రం 'అసంబద్ధం' అంటే అర్థంపర్థం లేనిది. పరీక్షలో ఈ పదం కనబడినప్పుడు రెండో అర్థాన్ని మనసులోకి రానివ్వవద్దు. అయితే శాస్త్రార్థంలో కూడా ఈ పేరు పూర్తిగా సరైనది కాదు. ఎలక్ట్రాన్లు అయాన్లకు కట్టుబడి కదులుతున్నాయంటే, వాటి మధ్య కొంత పొంతన ఉన్నట్లే కదా. ప్రయోగం తోసిపుచ్చిన ఊహ పద్ధతి పేరులో ఇంకా నిలిచి ఉంది. పేరును బట్టి సిద్ధాంతాన్ని ఊహించుకోకూడదని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

4. ఒకే పట్టీ, మూడు ఉష్ణోగ్రతలు

ఇప్పుడు అసలు విమర్శకు వద్దాం. వర్ణపటం వెడల్పు అయాన్ ఉష్ణోగ్రతను అయాన్ ద్రవ్యరాశితో భాగించగా వచ్చిన దాని వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. అంటే రాడార్‌కు తెలిసేది Ti/mi అనే భాగఫలం మాత్రమే. ఇందులో Ti అయాన్ ఉష్ణోగ్రత, mi అయాన్ ద్రవ్యరాశి.

ఒక ఎత్తున ఈ భాగఫలం 50 అని తేలిందనుకుందాం. ద్రవ్యరాశిని పరమాణు ద్రవ్యరాశి ప్రమాణాలలో తీసుకుందాం.

• అక్కడ ఉన్నవన్నీ ఆక్సిజన్ పరమాణు అయాన్లు (ద్రవ్యరాశి 16) అనుకుంటే ఉష్ణోగ్రత 800 కెల్విన్.
• అన్నీ ఆక్సిజన్ అణు అయాన్లు (ద్రవ్యరాశి 32) అనుకుంటే 1600 కెల్విన్.
• సగటు ద్రవ్యరాశి 24 ఉండే మిశ్రమం అనుకుంటే 1200 కెల్విన్.

సంకేతం ఒకటే, వర్ణపటం ఒకటే, ఉష్ణోగ్రతలు మాత్రం మూడు. వీటిలో ఏది రాయాలో రాడార్ చెప్పదు. అక్కడ ఏ అయాన్లు ఉన్నాయని మనం అనుకున్నామో అదే చెబుతుంది. 300 కిలోమీటర్ల దగ్గర ఈ చిక్కు పెద్దగా లేదు. అక్కడ పగలు ఆక్సిజన్ పరమాణు అయాన్లదే ఆధిక్యం అని రాకెట్లు, ఉపగ్రహాలు మోసుకెళ్ళిన పరికరాలు తేల్చాయి. కాని సుమారు 150 నుంచి 200 కిలోమీటర్ల మధ్య బరువైన అణు అయాన్లు తగ్గి, తేలికైన పరమాణు అయాన్లు పెరుగుతాయి. ఆ మార్పు ఏ ఎత్తున జరుగుతుందో రోజును, రుతువును, సూర్యుని చురుకుదనాన్ని బట్టి మారుతుంది. అక్కడ అయాన్ల పాళ్ళను ఒక స్థిర నమూనా నుంచి తీసుకుంటే, పాళ్ళలో వచ్చిన మార్పు ఉష్ణోగ్రతలో వచ్చిన మార్పులా కనబడే ప్రమాదం ఉంది.

ఎలక్ట్రాన్ సాంద్రతకు కూడా ఇటువంటి బంధమే ఉంది. తిరిగివచ్చే శక్తి Ne/(1 + Te/Ti) కి అనుపాతంలో ఉంటుంది. ఇక్కడ Ne ఎలక్ట్రాన్ సాంద్రత, Te ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత. రెండు ఉష్ణోగ్రతలు సమానమైతే శక్తి సగమవుతుంది. ఎలక్ట్రాన్లు రెట్టింపు వేడిగా ఉంటే మూడో వంతే మిగులుతుంది. ఉష్ణోగ్రతల నిష్పత్తిని తప్పుగా తీసుకుంటే సాంద్రత కూడా తప్పుతుంది.

మీ అవగాహనను సరిచూసుకోండి
(అ) ఒక ప్రాంతంలో నిజానికి Te = 2Ti. పరిశోధకుడు Te = Ti అనుకుని సాంద్రతను లెక్కించాడు. అతనికి వచ్చిన విలువ నిజమైన విలువలో ఎన్నో వంతు?
(ఆ) Ti/mi విలువ 40. సగటు అయాన్ ద్రవ్యరాశి 30 అనుకుంటే Ti ఎంత? 16 అనుకుంటే ఎంత?
(జవాబులు ఈ భాగం చివర ఉన్నాయి.)

5. నల్గొండ నీటి పరీక్షతో పోలిక

ఇది ఆకాశంలోని రాడార్లకే పరిమితమైన చిక్కు అనుకోవద్దు. నల్గొండ ప్రాంతపు భూగర్భజలంలోని ఫ్లోరైడ్ సంగతి మీకు తెలిసినదే. ఫ్లోరైడ్ కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. నీటిలో ఎంత ఉందో పరీక్షే చెప్పాలి. రంగును బట్టి చేసే ఒక పరీక్షలో, జిర్కోనియం కలిసిన ఎర్రని రంగు ద్రవాన్ని నీటికి చేరుస్తారు. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువ ఉంటే ఆ రంగు అంతగా వెలిసిపోతుంది. పరికరం చూసేది రంగునే. ఫ్లోరైడ్ విలువ ఆ రంగు నుంచి రాబట్టినది.

నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన 'నల్గొండ టెక్నిక్'లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీటి నుంచి ఫ్లోరైడ్‌ను తగ్గిస్తారు. పటికలో అల్యూమినియం ఉంటుంది. శుద్ధి చేసిన నీటిలో అల్యూమినియం మిగిలితే అది ఫ్లోరైడ్‌ను తనకు కట్టేసుకుంటుంది. అప్పుడు రంగు వెలవాల్సినంత వెలవదు, పరీక్ష ఫ్లోరైడ్‌ను తక్కువగా చూపుతుంది. ఆ నీటిని ముందుగా స్వేదనం చేసి గాని, మరో పద్ధతిలో గాని పరీక్షించకపోతే, పరిమితికి మించిన నీరు కూడా తాగదగినదిగా లెక్కకు రావచ్చు. పరికరం పాడవలేదు, రంగును సరిగానే చూసింది. 'రంగును మార్చేది ఫ్లోరైడ్ ఒక్కటే' అనే ఊహ అక్కడ చెల్లలేదు.

రాడార్ విషయంలోనూ ఇంతే. వర్ణపటాన్ని పరికరం సరిగానే నమోదు చేస్తుంది. 'అక్కడ ఉన్నది ఫలానా అయాన్' అనే ఊహ తప్పితే ఉష్ణోగ్రత తప్పుతుంది. అయితే ఒక తేడా ఉంది. తాగునీటి సంఖ్య తప్పితే ఆ ఫలితం ఎముకల మీద, పళ్ళ మీద పడుతుంది. అయనోస్ఫియర్ సంఖ్య తప్పితే మన ఒంటికేమీ కాదు. కాని సంఖ్యను చదివే క్రమశిక్షణ రెండుచోట్లా ఒకటే.

6. సిద్ధాంతమే అసంపూర్ణమైతే?

అయాన్ల పాళ్ళు తెలిసినా ఇంకొక మెట్టు మిగులుతుంది. వర్ణపటం ఆకారాన్ని ఉష్ణోగ్రతగా మార్చే సిద్ధాంతమే పూర్తికాకపోతే ఏమవుతుంది? పెరూ దేశంలో లిమా సమీపాన ఉన్న హికమార్కా రాడార్ అనుభవం ఇందుకు మంచి పాఠం. 50 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఈ రాడార్‌కు 300 మీటర్ల భుజం గల చతురస్రాకార ఆంటెనా ఉంది. ఇది 1960ల మొదటి నుంచి పనిచేస్తోంది. అది అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర ఉంది కాబట్టి, అక్కడ భూ అయస్కాంత క్షేత్ర రేఖలు దాదాపు క్షితిజ సమాంతరంగా ఉంటాయి. పైకి చూసే రాడార్ కిరణం ఆ రేఖలకు దాదాపు లంబంగా వెళ్తుంది.

అక్కడి విశ్లేషణలలో ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత అయాన్ ఉష్ణోగ్రత కంటే తక్కువగా వచ్చేది. భౌతికంగా ఇది కుదరదు. పగటిపూట సూర్యకాంతి వల్ల వెలువడే శక్తిమంతమైన ఎలక్ట్రాన్లు ముందుగా మిగతా ఎలక్ట్రాన్లనే వేడిచేస్తాయి. ఎలక్ట్రాన్ల నుంచి ఆ వేడి అయాన్లకు, అయాన్ల నుంచి తటస్థ వాయువుకు చేరుతుంది. ఇచ్చేవాడి కంటే పుచ్చుకునేవాడు ఎక్కువ వేడిగా ఎలా ఉంటాడు?

1999లో మైకేల్ సుల్జర్, సిక్స్టో గొంజాలెజ్ ఈ చిక్కుకు కారణం చూపారు. ఎలక్ట్రాన్లకు, అయాన్లకు మధ్య విద్యుత్ బలాల వల్ల జరిగే చిన్న చిన్న అభిఘాతాలను అంతవరకు వాడిన సిద్ధాంతం తగినంతగా లెక్కలోకి తీసుకోలేదు. కిరణం క్షేత్ర రేఖలకు దాదాపు లంబంగా ఉన్నప్పుడు ఈ అభిఘాతాలు వర్ణపటాన్ని సన్నబరుస్తాయి. పాత సిద్ధాంతం ఆ సన్నదనాన్ని చల్లదనంగా చదివింది. అభిఘాతాలను చేర్చి లెక్కిస్తే ఉష్ణోగ్రతల నిష్పత్తి సమంజసమైన విలువకు వచ్చింది.

ఈ ఉదంతం నుంచి రెండు తీర్పులు చెప్పవచ్చు. పద్ధతికి వ్యతిరేకంగా చెప్పాలంటే, సిద్ధాంతంలోని లోపం పరికరంలో కనబడదు. అది ఉష్ణోగ్రత వేషం వేసుకుని వస్తుంది. ఫలితం అసాధ్యంగా ఉంది కాబట్టి లోపం బయటపడింది. సాధ్యమైన విలువే వచ్చి ఉంటే ఎవరూ అనుమానించకపోవచ్చు. పద్ధతికి అనుకూలంగా చెప్పాలంటే, వర్ణపటాలు భద్రంగా ఉన్నాయి కాబట్టి వాటిని కొత్త సిద్ధాంతంతో మళ్ళీ చదవడం సాధ్యమైంది. ఉష్ణోగ్రతల పట్టిక ఒక్కటే దాచి, వర్ణపటాలను పారేసి ఉంటే ఆ అవకాశం ఉండేది కాదు.

దక్షిణ భారతంలోని విద్యార్థులకు ఈ పాఠం దూరపు సంగతి కాదు. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా వెళ్తుంది. 1963లో తొలి రాకెట్ ప్రయోగానికి తుంబాను ఎంచుకోవడానికి అదే కారణం. మన ప్రాంతం మీద కూడా క్షేత్ర రేఖలు కొద్దిపాటి వాలుతోనే ఉంటాయి.

7. గాదంకి: మరో రకం రాడార్ థర్మామీటర్

తిరుపతికి సమీపంలోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి 53 మెగాహెర్ట్జ్ రాడార్ 1990ల తొలి సంవత్సరాలలో పని మొదలుపెట్టింది. 130 మీటర్ల భుజం గల స్థలంలో 1024 యాగీ ఆంటెనాలు వరుసలుగా నిలబెట్టి ఉంటాయి. ఇది ప్రధానంగా గాలిలోని అల్లకల్లోలం వల్ల వచ్చే సంబద్ధ ప్రతిధ్వనులను పట్టి, గాలుల వేగాన్ని తెలుసుకోవడానికి నిర్మించినది. అదే రాడార్‌తో కింది వాతావరణపు ఉష్ణోగ్రతను రాబట్టే పద్ధతిని కూడా అక్కడ అభివృద్ధి చేశారు. ఆ తొలి ఫలితాలు 2008లో ప్రచురితమయ్యాయి. దీన్ని రేడియో ధ్వని పద్ధతి అనవచ్చు.

ఇందులో శక్తిమంతమైన లౌడ్‌స్పీకర్లతో ధ్వనిని పైకి పంపుతారు. ధ్వని తరంగం గాలిని నొక్కుతూ, వదులుతూ పోతుంది. ధ్వని తరంగదైర్ఘ్యం రాడార్ తరంగదైర్ఘ్యంలో సరిగ్గా సగం అయినప్పుడు, ఆ నొక్కుల వరుస నుంచి రాడార్‌కు బలమైన ప్రతిధ్వని వస్తుంది. 53 మెగాహెర్ట్జ్‌కు తరంగదైర్ఘ్యం 5.66 మీటర్లు, అందులో సగం 2.83 మీటర్లు. 300 కెల్విన్ దగ్గర ధ్వని వేగం సెకనుకు సుమారు 347 మీటర్లు. కాబట్టి కావలసిన ధ్వని పౌనఃపున్యం సుమారు 123 హెర్ట్జ్, అంటే మన చెవికి వినిపించే మంద్రస్వరం. రాడార్ ఆ ధ్వని వేగాన్ని కొలుస్తుంది. ధ్వని వేగం ఉష్ణోగ్రత వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి ఉష్ణోగ్రత వస్తుంది.

ఇక్కడ కూడా ఉష్ణోగ్రత రాబట్టినదే. రెండు సవరణలు కావాలి. గాలిలో తేమ ఉంటే వచ్చేది అసలు ఉష్ణోగ్రత కాదు, దానికంటే కొద్దిగా ఎక్కువగా ఉండే 'ఆభాసి ఉష్ణోగ్రత'. గాలి పైకో కిందికో వీస్తే ఆ వేగం ధ్వని వేగానికి కలుస్తుంది. సెకనుకు 1 మీటరు నిలువు గాలిని పట్టించుకోకపోతే ఉష్ణోగ్రతలో సుమారు 1.7 కెల్విన్ దోషం వస్తుంది.

అయితే ఈ సవరణల స్వభావాన్ని చూడండి. నిలువు గాలిని అదే రాడార్ విడిగా కొలవగలదు. తేమను, ఉష్ణోగ్రతను బెలూన్‌కు కట్టి పంపే రేడియోసాండ్‌తో సరిచూడవచ్చు. అంటే ఇక్కడ ఊహ ఉన్న ప్రతిచోటా మరో కొలతను నిలబెట్టవచ్చు. అసంబద్ధ పరిక్షేపణంలో అయాన్ల పాళ్ళ దగ్గర చాలాసార్లు కొలతకు బదులు నమూనానే నిలబెట్టాల్సి వస్తుంది. వందల కిలోమీటర్ల ఎత్తుకు బెలూన్ వెళ్ళదు. ఉపగ్రహం తన కక్ష్య ఉన్న ఎత్తులోనే, దాటి వెళ్ళే క్షణంలోనే కొలుస్తుంది. పైగా ఆ పోలిక కూడా ఎప్పుడూ తేలికగా కుదరలేదు. 1960ల చివర ఉపగ్రహాల మీది లాంగ్మ్యూర్ ప్రోబులు చూపిన ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రతలు రాడార్లు చూపిన వాటికంటే ఎక్కువగా వచ్చి, ఏది సరైనదన్న చర్చ సాగింది.

8. మూల్యాంకనం

పైన చెప్పిన పరిమితులను చూసి ఈ పద్ధతి నమ్మదగినది కాదని తీర్పు చెబితే అది తొందరపాటే. దాని గుణాలు కూడా బలమైనవి. నేలమీద ఒకేచోట ఉండి, ఎన్నో ఎత్తులలోని స్థితిని గంటల తరబడి ఒకేసారి గమనించగలగడం వాటిలో మొదటిది. రాకెట్ కొన్ని నిమిషాలే చూస్తుంది. రెండోది, ఉష్ణోగ్రత వర్ణపటం ఆకారాన్ని బట్టి వస్తుంది, సంకేతం బలాన్ని బట్టి కాదు. కాబట్టి ప్రసారిణి శక్తి కొద్దిగా తగ్గినా ఉష్ణోగ్రతలో దోషం రాదు. మూడోది, కొన్ని సమయాల్లో వర్ణపటంలో దూరంగా కనబడే 'ప్లాస్మా రేఖ' ఎలక్ట్రాన్ సాంద్రతను విడిగా, ఖచ్చితంగా చెబుతుంది. అప్పుడు తెలియని రాశులలో ఒకటి తగ్గి, మిగతావాటిని విడదీయడం సులువవుతుంది.

అందువల్ల తీర్పు చెప్పవలసింది పద్ధతి మీద కాదు, దాన్ని చెప్పే తీరు మీద. వర్ణపటం విషయంలో 'కొలిచారు' అనడం న్యాయం. ఉష్ణోగ్రత విషయంలో 'రాబట్టారు' అనడం న్యాయం. తెలుగులో ఈ రెండు క్రియలూ సహజంగానే ఉన్నాయి. వాటిని కలిపేసి అన్నిటికీ 'కొలిచారు' అని రాస్తే, ఊహల బాధ్యత ఎవరిదో తెలియకుండా పోతుంది. ఏ పట్టికలోనైనా ఇటువంటి ఉష్ణోగ్రత కనిపించినప్పుడు మీరు వేయవలసిన ప్రశ్నలు నాలుగు:

• ఇక్కడ నేరుగా నమోదైనది ఏమిటి?
• దాన్ని ఉష్ణోగ్రతగా మార్చడానికి ఏమేమి ఊహించారు?
• ఆ ఊహలలో వేటిని మరో కొలతతో సరిచూశారు?
• సంకేతాన్ని ఎంతసేపు, ఎంత ఎత్తు మేరకు సగటు చేశారు?

చివరి ప్రశ్నకు కారణం ఇది. ప్రతిధ్వని చాలా బలహీనం కాబట్టి వేలాది స్పందాలను కలిపి సగటు తీయాలి. యాదృచ్ఛిక దోషం స్పందాల సంఖ్య వర్గమూలాన్ని బట్టే తగ్గుతుంది. దోషాన్ని పదో వంతుకు తగ్గించాలంటే వంద రెట్లు స్పందాలు కావాలి. ఆ నిమిషాలలో అయనోస్ఫియర్ మారిపోతే, మనకు వచ్చేది ఏ ఒక్క క్షణానికీ చెందని ఉష్ణోగ్రత.

9. సారాంశం

అసంబద్ధ పరిక్షేపణ రాడార్ ఎలక్ట్రాన్ల నుంచి వచ్చే ప్రతిధ్వని వర్ణపటాన్ని కొలుస్తుంది. ఆ వర్ణపటం వెడల్పును నిర్ణయించేది అయాన్ల చలనం. దాని నుంచి తెలిసేవి ఉష్ణోగ్రత, ద్రవ్యరాశి కలిసిన నిష్పత్తులు. అయాన్ల పాళ్ళ గురించిన ఊహ, వర్ణపట సిద్ధాంతం తోడైతేనే అవి ఉష్ణోగ్రతలుగా మారుతాయి. హికమార్కా అనుభవం సిద్ధాంతంలోని లోపం ఉష్ణోగ్రతగా కనబడగలదని చూపింది. మూల సంకేతాలను దాచుకుంటే ఆ లోపాన్ని దిద్దుకోవచ్చని కూడా చూపింది. గాదంకి రేడియో ధ్వని పద్ధతిలో కూడా ఉష్ణోగ్రత పరోక్షమే, కాని అక్కడి సవరణలను ఇతర కొలతలతో సరిచూడవచ్చు. పరోక్షంగా వచ్చినంత మాత్రాన సంఖ్య విలువ తగ్గదు. దాని వెనుక ఉన్న ఊహలను చెప్పకుండా దాచినప్పుడు తగ్గుతుంది.

10. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది వాటికి సుమారు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. గోర్డన్ ఊహించిన వర్ణపటం కంటే బౌల్స్ చూసిన వర్ణపటం సన్నగా ఉండటానికి కారణం వివరించండి.
2. రేడియో ధ్వని పద్ధతిలో అవసరమయ్యే రెండు సవరణలను తెలపండి.

II. కింది వాటికి సుమారు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. "రాడార్ ఉష్ణోగ్రతను కొలుస్తుంది" అనే వాక్యాన్ని తగిన ఉదాహరణలతో విమర్శనాత్మకంగా పరిశీలించండి.
2. ఫ్లోరైడ్ పరీక్షకు, అసంబద్ధ పరిక్షేపణ పద్ధతికి గల పోలికలను, తేడాలను చర్చించండి. మీకు తెలిసిన మరో పరోక్ష కొలతను ఎంచుకొని, దానికి పై నాలుగు ప్రశ్నలను వర్తింపజేయండి.

అవగాహన ప్రశ్నలకు జవాబులు
(అ) మూడింట రెండు వంతులు. నిజమైన శక్తి Ne/3. దాన్ని Ne/2 సూత్రంతో చదివితే 2Ne/3 వస్తుంది.
(ఆ) 1200 కెల్విన్, 640 కెల్విన్.